వైశాఖమున పెరటి తోట

పంచాంగము ప్రకారము వైశాఖము వసంత ఋతువులోని రెండవ మాసము. మన ఎండలను చూచినవారెవ్వరును దీనిని వసంతమని ఒప్పుకొనరు. చెరువులు అడుగంటును. చేలు బీడుపడి యుండును. పశువులు నీడపట్టును వదలి కదలవు. అయినను పెరటిలో ఒక మల్లె పొద, ఒక ఆనప పందిరి, రెండు మళ్ళ తోటకూర గల ఇంటివారికి ఇది నిజముగా వసంతమే. ప్రొద్దున పాదులకు నీరు పోయునప్పుడు లేచు మట్టి వాసన, పందిరి క్రింద ఆకుల చాటున రాత్రికి రాత్రి బెత్తెడు పెరిగిన కాయ, సాయంకాలము పళ్ళెము నిండ మల్లె మొగ్గలు, మజ్జిగలోనికి అప్పుడే త్రుంచిన కరివేపాకు రెబ్బ - ఇవి కొనిన దొరకునవి కావు. అంగడిలో ఆకుకూర కట్ట చిన్నదై, వెల పెద్దదగు దినములలో ఇంటి పెరటి నుండి పూటకు సరిపడు కూర వచ్చుట మరియొక లాభము.

ఇంతటి సంతోషము చాలమంది పెరళ్ళలో నిలుచుట లేదు. ఉగాదికి ఉత్సాహముగా పెరడంతయు త్రవ్వి, పది రకముల విత్తనములు చల్లుదురు. భరణి కార్తె వరకు అంతయు పచ్చగానే యుండును. కృత్తికలో ఆకులు వ్రేలాడును. రోళ్ళు పగులు రోహిణి వచ్చు నాటికి కట్టెలు మాత్రము మిగులును. విత్తనము చెడ్డదనియు, నేల చౌడనియు, చేయి మంచిది కాదనియు అనుకొందురు. కారణము ఇవేవియు కావు. మడి కట్టిన నాడు నేలను కొలచిరి గాని నీటిని కొలువలేదు.

ఈ పొరపాటు వలన పోవునది విత్తనము ఒక్కటే కాదు. ఎండిపోవుచున్న మొక్కలను చూచి ఊరకుండలేక బావి నుండియో, వీధి కొళాయి నుండియో బిందెలతో నీరు మోయువారు సాధారణముగా ఇంటి ఆడువారే. ఇంటి పనికి ఇది అదనపు చాకిరి. త్రాగు నీటికే వరుసలో నిలబడవలసిన ఊళ్ళలో ఆ నీటిని మడిలో పోయుట తగదు కూడ. కావున వేసవి పెరటి తోటను ఇంటిలో ఒకసారి వాడిన నీటితోనే పెంచవలెను. ఆ నీరు ఎంత నేలను తడుపగలదో అంతకే తోటను కుదించవలెను.

నీటి లెక్క

లెక్క కష్టమైనది కాదు. ఒక చదరపు మీటరు నేలపై 1 మిల్లీమీటరు లోతున నిలుచు నీరు 1 లీటరు. మే నెలలో మన మెట్ట ప్రాంతములలో వెడల్పు తొట్టిలో పెట్టిన నీరు రోజుకు 8 మిల్లీమీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఆవిరియగును. మొదళ్ళలో గడ్డి కప్పి, మధ్యాహ్నపు నీడ కల్పించిన కూరగాయ మడికి రోజుకు 6 లీటర్ల లెక్క వేసికొనవచ్చును. అనగా 15 లీటర్ల బకెట్టు ఒకటి రెండున్నర చదరపు మీటర్లకు సరిపోవును.

ఇక ఇంటిలో వాడిన నీరు ఎంత? ఐదుగురు గల ఇంటిలో స్నానమునకు మనిషికి 15 నుండి 20 లీటర్ల చొప్పున 75 నుండి 100 లీటర్లు. బియ్యము, కూరలు కడిగిన నీరు, గిన్నెలు తొలిచిన నీరు కలిపి మరి 30 లేక 40 లీటర్లు. మొత్తము ఇంచుమించు 120 లీటర్లు. దీనితో 20 చదరపు మీటర్లు, అనగా అర సెంటు, తడియును. ఇంటి చుట్టును ఐదు సెంట్ల దొడ్డి ఉన్నను వేసవిలో కూరగాయలకు అర సెంటే. మొదటిసారి ఈ మాట విన్నవారు నిరుత్సాహపడుదురు. ఎండిన ఐదు సెంట్ల కంటె పచ్చని అర సెంటు ఎక్కువ కూర నిచ్చును.

మీ ఇంటి లెక్క వేరుగా ఉండవచ్చును. ఒక రోజు ఆ నీటినంతయు ఒక గోలెములో పట్టి, బకెట్టుతో కొలచి చూడుడు. అటుపిమ్మట పార పట్టుడు.

ఏ నీరు ఎక్కడికి

బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు మేలైనది. దానిని ఆకుకూరలకు, కొత్తిమీరకు, పుదీనాకు కేటాయించవలెను. ఆకుకూర మళ్ళను ఇంటికి తూర్పు ప్రక్కన వేసికొనిన మధ్యాహ్నము దాటినది మొదలు గోడ నీడ పడును. నీటి ఖర్చు తగ్గును, ఆకు ముదురదు.

స్నానపు నీరు సబ్బుతో కూడినది. అది ఆకులపై పడరాదు, పచ్చిగా తిను కూరలకు పోయరాదు. స్నానాల గది తూము బయట రెండడుగుల గొయ్యి త్రవ్వి, అడుగున గులకరాళ్ళు, పైన ముతక ఇసుక నింపి, దాని గుండా నీటిని కాలువలోనికి వదలిన నురుగు, జిడ్డు చాల వరకు ఆగిపోవును. ఆ కాలువ ఒడ్డున అరటి, చామ వేసికొనవచ్చును. మెట్టతామర రెండు దుబ్బులు నాటిన నీరు శుభ్రపడుటయే గాక పెరటికి పూవుల అందము వచ్చును. అక్కడ నుండి తీగ పాదులకు, వంగ మొక్కలకు మొదట మాత్రమే నీరు అందునట్లు చేయవలెను. గొయ్యి పైని నీరు నిలువ ఉండరాదు. నిలిచిన దోమలు పుట్టును. ఇసుకను నెల కొకసారి తీసి కడిగి ఎండబెట్టి మరల పోయవలెను.

సబ్బు నీటితో ఒక చిక్కు గలదు. అందులోని సోడా లవణములు ఒకే చోట చేరిన కొద్దీ నేల బిగిసికొని పోవును. నల్లరేగడిలో ఇది మరింత త్వరగా కనిపించును. కాలువ దిశను వారమున కొకసారి మార్చుచు, వీలైనప్పుడు ఒక మంచి నీటి తడి ఇచ్చుచుండవలెను. బట్టలుతికిన నీటిని కూరగాయలకు వాడకుండుటయే మంచిది. పెరటిలో కొబ్బరి చెట్టున్న దానికి వదలవచ్చును. కొబ్బరి ఉప్పును కొంత ఓర్చుకొనును.

పాతిన కుండ

తీగ కూరలకు నీరు పోయు పద్ధతులలో కుండ పాతుట వంటి పొదుపైనది మరియొకటి లేదు. ఇది క్రొత్తది కాదు. రెండు వేల సంవత్సరముల నాటి చైనా వ్యవసాయ గ్రంథములోనే దీని వర్ణన గలదు. మన కుమ్మరి చేసిన మామూలు మట్టి కుండ చాలును. లోపలగాని వెలుపలగాని రంగు, లక్క, మెరుగు పూసినది పనికిరాదు. 8 లేక 10 లీటర్లు పట్టు కుండను తెచ్చి నీరు నింపి ఒక రాత్రి ఉంచి చూడవలెను. తెల్లవారునప్పటికి వెలుపల అంతటను చెమ్మ గిల్లిన అది మంచి కుండ. చెమ్మ పట్టనిది త్రాగు నీటికి కూడ చల్లగా ఉండదు, పాదుకు అసలే పనికిరాదు. ధారగా కారునది పగిలినది.

కుండకు రెండింతల వెడల్పున గొయ్యి త్రవ్వి, త్రవ్విన మట్టిలో మూడవ వంతు చివికిన పశువుల ఎరువు కలిపి, మెడ వరకు కుండను పాతి, చుట్టును మట్టిని బాగుగా అదుమవలెను. మట్టి కుండ నంటియున్న గాని చెమ్మ వేళ్ళకు అందదు. నల్లరేగడి ఎండకు బీటలు వారి కుండను వదలి తొలగిపోవును గనుక అట్టి చోట కుండ చుట్టును జానెడు మందమున చెరువు మట్టి, ఎరువు, ఇసుక కలిపి పోయవలెను. కుండ నింపి, మూతిపై మూకుడు బోర్లించి, రెండు రోజులు ఆగి, నేల చెమ్మగిల్లిన తరువాత కుండకు నాలుగు వ్రేళ్ళ దూరమున చుట్టును ఆరు గింజలు నాటవలెను. మొలచిన వానిలో బలమైన మూడింటిని ఉంచి తక్కినవి త్రుంచివేయవలెను. మొలక వేరూను వరకు, మొదటి పది రోజులు, పై నుండి కూడ చెంబెడు నీరు చిలకరించవలెను. తరువాత కుండలోని నీరు సగమునకు దిగినప్పుడు నింపిన చాలును. మూకుడు మరువరాదు. తెరచిన కుండ దోమలకు నిలయము.

ఇందు మరియొక సుఖము గలదు. రెండు రోజులు పెండ్లికో, తిరునాళ్ళకో పోయి వచ్చినను పాదు వాడదు. పై నేల పొడిగా ఉండుటచే కలుపు కూడ అంతగా మొలవదు. కుండలో పోయు నీరు మాత్రము వడగట్టినదై యుండవలెను. జిడ్డు నీరు పోసిన కుండ సన్నని రంధ్రములు మూసికొని పోవును.

ఇప్పుడేమి వేయవచ్చును

చైత్రము నాటికే వేసిన బెండ, గోరుచిక్కుడు, దోస ఇప్పుడు కాపు మీద ఉండును. బెండకాయను దినము విడిచి దినము కోయవలెను. ఒక్క కాయ ముదిరినను చెట్టు బలమంతయు విత్తనమునకు పోయి క్రొత్త పూత తగ్గును. నీటి ఎద్దడిని ఓర్చుకొను కూరలలో గోరుచిక్కుడు మొదటిది. నీరు చాలని వారు బెండ మాని దీనిని ఎంచుకొనిన తెలివైన పని.

ఈ మాసమున క్రొత్తగా వేయదగినవి ఆకుకూరలు. తోటకూర విత్తనమును పదింతల ఇసుకతో కలిపి పలుచగా చల్లి, పైన సన్నని ఎరువు పొడి రాల్చి, మొలచు వరకు తడి గోనె కప్పి యుంచిన నాలుగైదు రోజులలో మొలచును. 25 నుండి 30 రోజులలో కోతకు వచ్చును. ఒకేసారి మడినంతయు చల్లక పది రోజుల కొక ముక్క చొప్పున చల్లిన, కూర ఎడతెగక వచ్చును. తీగ బచ్చలికి విత్తనము కొననక్కర లేదు. పొరుగింటి తీగ నుండి జానెడు ముక్కను అడిగి తెచ్చి నాటిన అంటుకొనును. గోంగూర ఎండకు వెరవదు. పాలకూర, కొత్తిమీర ఈ వేడికి త్వరగా పూతకు వచ్చును గనుక నీడలో కొద్దిగా మాత్రమే వేసికొనవలెను. ధనియాలను రెండు బద్దలుగా నలిపి నాటవలెనను సంగతి ఎరుగనివారు నేటికిని కలరు.

మళ్ళన్నిటికిని రెండు మూడు అంగుళముల మందమున వరిగడ్డియో, ఎండుటాకులో, వేరుశనగ పొట్టో పరచుట తప్పదు. ఆరు లీటర్ల లెక్క ఈ కప్పును నమ్మి వేసినదే. కాండమునకు గడ్డి తగులకుండ రెండు వ్రేళ్ళ ఎడము ఉంచవలెను. మిద్దెలపై తొట్లలో పెంచువారికి ఎండ దెబ్బ రెండింతలు. తొట్టి ప్రక్కలు కూడ కాగును. వారు సగము నీడనిచ్చు వల కట్టి, తొట్లను దగ్గర దగ్గరగా చేర్చి, ఉదయము, సాయంకాలము రెండు పూటల నీరు పోయవలసియుండును.

పందిరి క్రింద సాయంకాలము

ఆనప తీగ పెంచువారందరును చెప్పు ఫిర్యాదు ఒకటే: "పూత పూచుచున్నది, కాయ నిలుచుట లేదు." మొదట పూచునవి మగ పూవులు. వానికి సన్నని పొడవైన తొడిమ మాత్రమే ఉండును. ఆడ పూవు క్రింద చిటికెన వ్రేలంత పిందె ముందే కనిపించును. పగటి కాలము పొడవై వేడి హెచ్చినప్పుడు ఈ జాతి తీగలలో మగ పూవులు మరింత ఎక్కువగా పూచును. అది జబ్బు కాదు.

ఆడ పూవు వచ్చియు పిందె పసుపు పారి రాలిన, పుప్పొడి అందలేదని అర్థము. ఇక్కడ ఇంటివారు చేయదగిన పని గలదు. తీగలన్నియు ఒకే వేళ పూయవు. గుమ్మడి, దోస, కాకర ఉదయమున విచ్చుకొనును. ఆనప, బీర ప్రొద్దు క్రుంకు వేళ విచ్చుకొనును. తేనెటీగలు గూడు చేరిన తరువాత పూచు ఈ పూవుల వద్దకు రెక్కల పురుగులు వచ్చును గాని, ఇండ్ల నడుమ అవి తక్కువ. కావున దీపాలు పెట్టు వేళ, అప్పుడే విచ్చిన మగ ఆనప పూవును కోసి, రేకులు తీసివేసి, నడుమనున్న పుప్పొడి కాడను ఆడ పూవు నడిమి భాగమునకు మెల్లగా రాయవలెను. ఒక మగ పూవు రెండు ఆడ పూవులకు చాలును. మూడు నాలుగు రోజులకు పిందె తల వంచి లావెక్కుట మొదలిడిన పని సఫలమైనది. ఈ పనిని పిల్లలకు అప్పగించి చూడుడు. తాము ముట్టిన పూవు కాయ అయినదా లేదా అని ప్రతి ఉదయము వారే పందిరి క్రిందకు పరుగెత్తుదురు. పాఠశాలలు మూసియున్న ఈ దినములలో ఇంతకంటె మంచి వృక్షశాస్త్ర పాఠము దొరకదు.

నిలిచిన పిందెకు పండు ఈగ శత్రువు. ఈగ గ్రుచ్చిన కాయ వంకర తిరిగి, లోపల పురుగు పట్టి కుళ్ళును. పిందె బొటనవ్రేలంత ఉన్నప్పుడే కాగితపు సంచియో, పాత పలుచని గుడ్డయో తొడిగిన మందుతో పని లేదు. చెడిన కాయలను పెంట గుంటలో వేయరాదు. అందుండి ఈగలు మరల బయలుదేరును. రెండడుగుల లోతున పూడ్చవలెను. ఇంకొక హెచ్చరిక: ఈ జాతి తీగలపై ఎండలలో గంధకము చల్లిన ఆకులు మాడును.

మల్లె

పెరటి మల్లెకు నిజమైన పని చలికాలములోనే జరిగియుండవలెను. మార్గశిర పుష్యములలో నీరు ఆపి, కొమ్మలను సగము ఎత్తునకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, ఎరువు వేసి, మరల నీరు కట్టిన పొదలు ఫాల్గుణము నుండి విరగబూచును. ఆ పని చేయని పొద ఇప్పుడు ఆకులే వేయుచుండిన దానిపై కోపగించి లాభము లేదు. వచ్చు చలికాలము వరకు ఓపిక పట్టవలెను.

మొగ్గలు ఊదా రంగునకు తిరిగి, సన్నని రంధ్రములతో రాలిపోవుచున్న మొగ్గ తొలుచు పురుగు చేరినదని గ్రహించవలెను. అట్టి మొగ్గలను రాలినవి, చెట్టుననున్నవి అన్నియు ఏరి కాల్చివేసిన చాల వరకు అదుపగును. ఆకు అడుగున సన్నని గూడు, పైన తెల్లని చుక్కలు కనిపించిన ఎర్రనల్లి. ఇది పొడి వేడికి పెరుగు పురుగు. రెండు మూడు రోజులు వరుసగా ఆకుల అడుగు భాగమునకు తగులునట్లు మంచి నీరు బలముగా చిమ్మవలెను. ఈనెలు పచ్చగా ఉండి ఆకు తెల్లబారుట సున్నపు నేలలలో సామాన్యము. అది ఇనుము లోపము. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, అర నిమ్మకాయ రసము కలిపి వారమున కొకసారి మూడు మార్లు సాయంకాలము పిచికారి చేసిన ఆకు రంగు తిరుగును.

ఇంటి వాడుకకు మొగ్గలను ఎండ తగ్గిన పిమ్మట, విచ్చుటకు ముందు కోసి తడి గుడ్డలో ఉంచిన, దీపాల వేళకు మాలలోనే విచ్చును.

మందుల మాట

వెనుకటి పత్రికలలో పెరటి కూరలకు కూడ డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు చల్లుమని వ్రాసిన రోజులుండెను. బి.హెచ్.సి. మన దేశమున 1997లో నిషేధింపబడినది. డి.డి.టి.ని వ్యవసాయములో వాడరాదు. పాత పుస్తకములను చూచి ఎవ్వరును ఆ దారి పట్టరాదు. పూటపూటకు కోసికొని తిను కూరలకు ఎట్టి విషపు మందును తగదు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, రాత్రి నానబెట్టి, ఉదయము వడగట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంకాలము చల్లిన పేనుబంక, ఆకు తిను పురుగులు తగ్గును.

బెండలో ఈనెలు పసుపు పచ్చగా మారు పల్లాకు తెగులునకు మాత్రము మందు లేదు. దానిని తెల్లదోమ వ్యాపింపజేయును. 1960 ప్రాంతమున విడుదలైన పూసా సవాని అను రకము మొదట దీనిని తట్టుకొనెను గాని కొన్ని సంవత్సరములకు లొంగిపోయెను. అటుపిమ్మట వచ్చిన పర్భణీ క్రాంతి, అర్కా అనామిక రకములలోను ఓర్పు అన్ని చోట్ల ఒకే విధముగా నిలువలేదు. కావున ఏ రకమైనను, మొదటి మొక్క పసుపుబారిన నాడే జాలిపడక పెరికివేయవలెను. పసుపు రంగు రేకు ముక్కకు ఆముదము పూసి మొక్కల ఎత్తున కట్టిన తెల్లదోమలు దానికి అంటుకొనును.

ఖాళీగా వదలిన నేల

అర సెంటు పోగా మిగిలిన దొడ్డి వేసవిలో ఊరకుండదు. ఎండయే అక్కడ పని చేయును. వానకాలములో వంగ, మిరప నారు పోయదలచిన మడిని ఇప్పుడే మెత్తగా త్రవ్వి, ఒకసారి బాగుగా తడిపి, పలుచని తెల్లని పాలితీను పట్టాను నేలకు అంటునట్లు పరచి, అంచులను మట్టితో కప్పి నాలుగు నుండి ఆరు వారములు ఉంచవలెను. క్రింది మట్టి కాగి కలుపు విత్తనములు, నారుకుళ్ళు తెగులు కలిగించు శిలీంధ్రములు చాల వరకు నశించును. పట్టా నల్లనిదైన అంత ఫలము ఉండదు. నారుమడికి ఈ ఒక్క తడి నీరు ఖర్చు పెట్టుట దండుగ కాదు.

నిమ్మ, మునగ, కరివేపాకు నాటదలచినవారు రెండడుగుల నలుచదరపు గోతులు ఇప్పుడు త్రవ్వి, ఎండకు వదలవలెను. త్రవ్వినప్పుడు పై మట్టిని ఒక ప్రక్క, అడుగు మట్టిని వేరొక ప్రక్క పోసి, నింపునప్పుడు పై మట్టిని ఎరువుతో కలిపి అడుగున వేయవలెను. కాపు ముగిసిన మునగ కొమ్మలను కూడ ఈ లోపల నరికివేసిన వానలతో క్రొత్త చిగురు వచ్చును.

మృగశిరలో రెండు మంచి వానలు పడిన తరువాత స్నానపు నీటి కాలువను కూరగాయ పాదుల నుండి అరటి వైపు మళ్ళించవచ్చును. కాపు ముగిసిన పాదుల కుండలను మెల్లగా పెకలించి, కొబ్బరి పీచుతో వెలుపలి తెల్లని ఉప్పు పొరను రుద్ది కడిగి, ఎండబెట్టి, పశువుల పాక అటుకపై బోర్లించి ఉంచిన వచ్చు ఉగాదికి అవియే పనికివచ్చును.